బండారి పూసుకున్న అంబాసిడర్

గంగారాం నోరు తెరిస్తే ఎదుటివాడి చేతిలో చాయ్ చల్లారిపోవాల్సిందే. ఎల్లారెడ్డి బస్టాండు పక్కన హన్మవ్వ హోటల్లో కూర్చునేవాళ్ళంతా ఈ మాట ఒప్పుకుంటారు. అయితే ఆ రోజు అతను నోరు తెరిచింది సరదాకు కాదు. ఎరువుల దుకాణం రామస్వామి సేటు తన పాత అంబాసిడర్‌ను స్క్రాపుకు ఇచ్చేశానని, కామారెడ్డి నుంచి డీసీఎం లారీ బయలుదేరిందని చాయ్ ఊదుకుంటూ తాపీగా చెప్పాడు. ఇంజనాయిలు కారి కారి, కోడలు పొద్దున్నే వేసిన ముగ్గంతా నల్లబడుతోందట. మెకానిక్కులు చూసి చేతులెత్తేశారట.

గంగారాం చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. స్టీరింగు పక్కన చేతిగేరుండే బండి నడిపేవాడు ఊళ్ళో అతనొక్కడే మిగిలాడు, అతనికి నడపడానికి ఆ బండి ఒక్కటే మిగిలింది. పెళ్ళికైనా దవాఖానకైనా సేటు కబురు పెడితే అతనే స్టీరింగ్ పట్టాలి. బండి తుక్కు కింద పోతే తనను కూడా దానితోపాటు తూకం వేసినట్టే అనిపించింది. డీసీఎం వచ్చేలోపల సేటు మనసు తిప్పాలి. బతిమాలడం అతనికి రాదు. వచ్చిన విద్య ఒక్కటే.

"లీకుకు భయపడి బండి అమ్ముతరా సేటూ?" అన్నాడు, బెంచీ మీద కాలు మీద కాలేసుకుని. "నేను టాక్సీ కొట్టే రోజులల్ల గిసొంటి లీకును పొయ్యేతొవ్వల పట్టిన. పెద్ద ముచ్చటేం కాదు, ఊకెనే చెప్తున్న."

"ఎట్ల పట్టినవు మామా?" అన్నాడు జీవన్. దుబాయ్ నుంచి సెలవుకొచ్చిన కుర్రాడు, పొద్దుపోక అక్కడే ఉంటున్నాడు.

"దసరా పోయినంక ఆదివారం అల్లుడా. రాజంపేటకు కిరాయి. లింగంపేట దాటిన్నో లేదో గుప్పుమని నూనె వాసన. దిగి జూస్తే బండి కింద చుక్కలు. మెకానిక్ అయితే ఏం జేస్తడు? చుక్క పడ్డకాడ బోల్టు బిగిచ్చి పంపిస్తడు. గని సేటూ, చుక్క పడ్డకాడ లీకు ఉండదు. నూనె పైన యాడనో పుడ్తది, ఫ్యాను గాలికి ఎనుకకు జరుగుతది, ఇంజనంత పాకి ఆఖరుకు కింద కారుతది. అందుకే నేనేం జేసిన? ముందుగాల ఇంజనును కిరోసిన్‌తోని కడిగిన, పొడిగుడ్డతోని తుడిచిన, ఇంట్ల కంచం గుడ అంత సాఫ్ ఉండదు. ఇగ దాని మీద పొడి ఏదన్న సల్లాలె. అడివిల పౌడర్ యాడ దొర్కుతది? ఎనుక సీట్ల ఒకామె మల్లన్న పట్నాల మొక్కుకు పోతుండె, ఆమె సంచి నిండ బండారి. దేవుని పసుపు. గుప్పెడు గుప్పెడు దీసి ఇంజన్ మీద సల్లి బండి షురు జేసిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

చాయ్ వడగడుతున్న హన్మవ్వ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గంగారాం చూపంతా సేటు మొహం మీదే ఉంది కాబట్టి అది గమనించలేదు.

"పచ్చటి బండారి మీద సన్నటి నల్లగీత లేచింది. దాని ఎంబడి చూపు వట్టుకొని పైకి పోతే, గీత మొదలైన కాడ దొంగ దొర్కిండు. గంతే."

నిజానికి అక్కడే ఆపేస్తే బాగుండేది. కానీ రామస్వామి "ఊఁ" అని ఊరుకుని వాచీ చూసుకున్నాడు. సేటు వాచీ చూసుకుంటే గంగారాం నాలుక ఎలా ఆగుతుంది?

"గంతేనంటే గంతే కాదు సేటూ! బానెట్ ఎత్తి ఉన్నది, లోపట ఇంజన్ పసుపు పూసుకొని డుగ్ డుగ్ అంటున్నది. తొవ్వెంట పొయ్యేటోళ్ళు జూసిండ్రు. మల్లన్న అంబాసిడర్ల వెలిసిండన్నరు! కొబ్బరికాయలు కొట్టుడే కొట్టుడు. నేను లీకు జూద్దామని వంగుతే నా నెత్తి మీద అక్షింతలు వడ్తున్నయి. పోచారం అడివిలకెళ్ళి జింకలు గుడ వచ్చి మంది ఎనుక లైన్ల నిలవడ్డయి."

"జింకలు లైన్లనా?" అన్నాడు జీవన్.

"మనుషుల కన్న పద్ధతిగ. ఒక్కటన్న ముందుకు దూరితే ఒట్టు! ఇగ ఆ మంది నడుమ బాగు జేసుడెట్ల? గ్యాస్కెట్ పోయింది, కొత్తది కామారెడ్డిల దొర్కాలె. ఎవలో ఒకామె బీడీల చాట వట్టుకొని నిలవడ్డది. నాలుగు తునికాకులు అడుక్కొని, కత్తెరతోని గ్యాస్కెట్ లెక్క కత్తిరిచ్చి, నడుస్తున్న ఇంజన్ల చెయ్యి వెట్టి బిగిచ్చిన. బంద్ జెయ్యలే సేటూ! అల్లుడా, బీడీ ఆకు గ్యాస్కెట్ ఎంత గట్టిగ కూసున్నదంటే, నూనె కారుడు బందైంది. కారుడు బందైతే సరే, పెరుగుడు మొదలైంది!"

రామస్వామి మీసాల కింద నవ్వు మెదిలింది. అది చాలు గంగారాంకు, ఇక పట్టపగ్గాల్లేవు.

"నూనె కొలిచే పుల్ల గుంజి జూస్తే నూనె గుర్తు దాటి పైకొచ్చింది. మల్ల జూస్తే మూతిదాక వచ్చింది. తీసినకొద్ది ఊర్తున్నది! ఊర్లోళ్ళు సీసాలు వట్కొచ్చిండ్రు, బీర్కూరుకెళ్ళి రైతులు ట్రాక్టర్లేస్కొని వచ్చిండ్రు. ఆ ఏడు చుట్టుపక్కల ఒక్క మోటరుకు గుడ ఎవ్వలు నూనె కొనలే. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? దుబాయ్‌కెళ్ళి ఫోనొచ్చింది. షేకు! మా నూనె బాయిలు ఎండుతున్నయి గంగారాం భాయ్, నీ బండి ఓడెక్కిచ్చి తోలుమన్నడు. నేనన్న, షేకుగారూ, మీరు మా పోరగాండ్లకు పని ఇస్తున్నరు, ఆ ఇజ్జత్ ఉన్నది, గని ఎల్లారెడ్డి బండి ఎల్లారెడ్డిలనే ఉంటదన్న. అల్లుడా, మీ షేకు నన్ను అడుగుతలేడా?"

"రోజు అడుగుతడు మామా, నీ పేరు జెప్పి ఏడుస్తడు," అన్నాడు జీవన్. హోటలంతా గొల్లుమంది. గంగారాం ఛాతీ పొంగిపోయింది. సేటు కూడా నవ్వుతున్నాడు. గెలిచినట్టే అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద హారన్ మోగింది. డీసీఎం వచ్చి హోటల్ ముందు ఆగింది. డ్రైవర్ దిగి "సేటూ, బండి యాడున్నది?" అన్నాడు. రామస్వామి నవ్వు తుడుచుకుని జేబులోంచి తాళంచెవి తీశాడు. గంగారాం కాలు మీంచి కాలు దించాడు. చెప్పాల్సిన కోతలన్నీ అయిపోయాయి, షేకు దాకా పోయాక ఇంకెక్కడికి పోవాలి?

"జర ఆగు సేటూ," అంది హన్మవ్వ, చాయ్ గిన్నె దించి. "గంగారాం, ఆ ఎనుక సీట్ల ఉన్నామె ఎవలు?"

గంగారాం అప్పుడు చూశాడు ఆమె మొహంలోకి. చూసి, "అక్కా..." అంటూ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"నేనే గద! ఎనుక సీట్ల నేను, ముందట సీట్ల నువ్వు, జింకలు లేవు, షేకు లేడు. గీత పొయ్యి పొయ్యి ఇంజన్ మీది నూనె మూత కాడ ఆగింది. మూత తిప్పి తీస్తే దాని కింద ఏమున్నదో చెప్పనా? జమ్మి రెమ్మ! దసరానాడు టైర్లకు ఆ జమ్మి బంగారం వెట్టిండు, స్టీరింగుకు వెట్టిండు, ఇంజనుకు వెట్టకుంటే అలుగుతదని, పైన వెడ్తే గాలికి పోతదని, మూత ఇప్పి దాని కింద ఒత్తి బిగిచ్చిండు. ఆకు అడ్డమొచ్చి మూత కూసోలే. లీకు వెట్టినోడు ఈనే, పట్టినోడు ఈనే! నా బండారంత ఇంజనుకు వోసి, నన్ను ఖాళీ సంచితోని పట్నాలకు దించిండు."

జీవన్ నవ్వలేక బెంచీ మీంచి జారిపోయాడు. డీసీఎం డ్రైవర్‌కు ఏమీ అర్థం కాకపోయినా అతనూ నవ్వాడు. గంగారాం తల వంచుకుని ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. సిగ్గు కన్నా బండి పోతోందన్న దుఃఖమే ఎక్కువగా ఉంది. ఆమె ఇంకో నిమిషం ఊరుకుంటే ఏం పోయేది అనిపించింది.

రామస్వామి నవ్వడం లేదు. "హన్మవ్వా," అన్నాడు, "బండారి సల్లితే గీత లేచుడు, గది నిజమేనా?"

"నిజమే సేటూ. నా కండ్లతోని జూసిన."

"లీకు బందైందా?"

"రాజంపేట దాక చుక్క పడలే. అబద్ధమెందుకు?"

రామస్వామి డ్రైవర్ వైపు తిరిగాడు. "నువ్వు పో బిడ్డా. బండి ఇయ్య."

"గిన్ని కోతలు ఇన్నంక గుడనా సేటూ?" అన్నాడు జీవన్ కళ్ళు తుడుచుకుంటూ.

"ఈన మాట మీదైతే నట్టు గుడ ఇయ్యకపోదును. ఆమె మాట మీద ఇస్తున్న, బండారి సల్లి లీకు వట్టు," అని తాళంచెవి గంగారాం ముందు పెట్టాడు.

గంగారాం దాన్ని తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. లేచి నిలబడ్డాడు, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను ముందుగాలనే చెప్పిన గద సేటూ, ఈ జిల్లాల నేను పట్టని లీకు..."

"షర్తు ఒకటున్నది," అన్నాడు రామస్వామి. "దసరానాడు బంగారం వెట్టాలనిపిస్తే నా చేతుల పెట్టి దీవెన తీస్కొని పో. బానెట్ దిక్కు పోకు."