చివరి ఇంటి హాజరు పట్టీ

రోడ్డు వెంట వరసగా ఎనిమిది ఇళ్లు. చివరి ఇంటి వరండాలో, ఉదయం తొమ్మిది గంటల వేళ, రోడ్ల శాఖ ఇంజనీరు, ఆ ఇంటి టీచరు, ఆమె అత్తగారు.

"...ఏడిళ్లవాళ్లూ సంతకాలు పెట్టేశారు టీచర్ గారూ. మీదొక్కటే మిగిలింది. ఇదిగో, ఇక్కడ."

"మూత తీయకుండానే పెన్ను ఇస్తున్నారు ఇంజనీరు గారూ."

"అయ్యో. ఇదిగో."

"ముందు కూర్చోండి. టీ తాగుతారా?"

"వద్దండీ. ఏడిళ్లలో ఏడు టీలు తాగాను."

"ఏడు తాగినా ఆవలింతలు ఆగలేదే అబ్బాయ్! గేటు తీసినప్పుడొకటి, చెప్పులు విప్పినప్పుడొకటి. నాకు చెవులు సరిగ్గా పనిచెయ్యవుగానీ కళ్లు బాగానే ఉన్నాయి."

"అత్తయ్యా, వచ్చినవాళ్ల ఆవలింతలు లెక్కపెడతారా ఎవరైనా?"

"నువ్వు రోడ్డున పోయేవాళ్లని లెక్కపెట్టడం లేదూ? నేను ఇంటికొచ్చినవాళ్లని లెక్కపెడితే తప్పొచ్చిందా?"

"పర్లేదులెండి పెద్దమ్మగారూ. మా డ్రైవరు రెండు నెలలుగా సెలవులో ఉన్నాడు. జీపు నేనే నడుపుకుంటున్నాను. నిద్ర చాలట్లేదు. ఇంతకీ టీచర్ గారూ, సంతకం..."

"దేనికో చెప్పండి. చదవకుండా సంతకం పెట్టొద్దని ఇరవయ్యేళ్లుగా పిల్లలకి చెబుతున్నాను."

"అదేనండీ, రోడ్డు అంచున తెల్లగీత పక్కన మిషన్‌తో గాట్లు కోశాం కదా. బండి గీత దాటి పక్కకి పోతే టైర్ల కింద బర్ర్‌ర్‌మని..."

"మీ గొంతులో చిన్నగా ఉంది. ఇక్కడ మంచాలు కూడా అదురుతాయి."

"చూశారా, మీరే అన్నారు! ఆ మోతకి నిద్ర పట్టడం లేదని వీధివాళ్లు ఫిర్యాదు పెట్టారు. అందుకని ఈ ఎనిమిదిళ్ల ముందు మటుకు గాట్లని తారుతో పూడ్చేస్తాం. మిషన్ కూడా వచ్చేసింది. అదిగో, కల్వర్టు దగ్గర."

"కల్వర్టు దగ్గరా?"

"ఆఁ, అక్కణ్ణుంచే మొదలు."

"అక్కణ్ణుంచే మొదలుపెట్టాలా?"

"ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదండీ. ఏం?"

"ఏం లేదు. ఫిర్యాదు రాసిందెవరు?"

"అంటే... అందరూ కలిసి..."

"మొదటి సంతకం ఎవరిది?"

"పేర్లు చెప్పకూడదండీ. శాఖ నియమం."

"అత్తయ్యా, తల దించుకున్నారేం?"

"చెప్పు తెగింది. చూసుకుంటున్నా."

"మీ కాళ్లకి చెప్పులే లేవు."

"...నేనే రాశాను. అయితే ఏం? కాగితం నాది, పెన్ను నాది."

"మీకు ఆ మోత సగం వినిపించదు కదా!"

"నాకు మోత వినిపించకపోతేనేం, నువ్వు లేవడం కనిపిస్తుంది. బర్రుమన్నప్పుడల్లా లేస్తావు. కిటికీ దగ్గరికి పోతావు. చూస్తావు, రాస్తావు, వచ్చి పడుకుంటావు. ఏడాదిన్నర నుంచీ ఇదే వరస. మనిషన్నాక నిద్రపోవద్దూ? నువ్వు చెప్పు అబ్బాయ్, చదువుకున్నవాడివి."

"నిద్ర చాలా ముఖ్యమండీ."

"ఆవలిస్తూ చెబుతున్నాడు చూడు!"

"పెద్దమ్మగారి సంతకంతోనే సరిపెట్టేవాళ్లం టీచర్ గారూ. కానీ ఇల్లు మీ పేరున ఉంది. మీదే కావాలన్నారు."

"నేను పెట్టను."

"అలా అనకండి."

"పెట్టకపోతే పని ఆగుతుందా?"

"నిజం చెప్పమంటారా?"

"బడిలో కూడా అదే చెప్పమంటాను."

"ఆగదండీ. ‘ఎనిమిదో ఇల్లు తాళం వేసి ఉంది’ అని రాసేసి మొదలుపెట్టేస్తారు. మిషన్‌ని ఊరికే నిలబెట్టలేరు కదా."

"ముగ్గురం వరండాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే తాళం వేసి ఉందని రాస్తారా?"

"అలా రాస్తుంటారు. నేను రాస్తానని కాదు."

"మరెవరు రాస్తారు?"

"...నేనే రాయాలి."

"సరే. మీ కాగితం నేను చూశాను. నా కాగితం మీరు చూడండి. అత్తయ్యా, కిటికీలో పట్టీ ఉంది, ఇటు అందుకోండి."

"ఇది బడి హాజరు పట్టీ కదండీ?"

"పాతది. వెనక పేజీలు ఖాళీగా ఉంటే తెచ్చుకున్నాను. అడిగే తెచ్చుకున్నాను, దొంగతనమని రాసుకోకండి."

"తేదీ, టైము, బండి... ‘ఇటుకల లారీ, నాలుగుంపావు, హాజరు.’ ‘పూల ఆటో, ఐదుకి పది తక్కువ, హాజరు.’ ‘కాలేజీ బస్సు. లోపల ఎంతమందో కనబడలేదు. డ్రైవరుకి హాజరు.’ ఒక్క నెలలో ఇరవయ్యారు! టీచర్ గారూ, మీరింత బాధపడుతున్నారని మాకు తెలీదు. ఇది జతచేస్తే ఫిర్యాదు ఇంకా గట్టిపడుతుంది!"

"బాధ అని ఎక్కడ రాసుంది?"

"...ఎక్కడా లేదు."

"బర్రుమనగానే బండి మళ్లీ రోడ్డు మీదికి వచ్చేస్తుంది. కొందరు ఆపి మొహం కడుక్కుంటారు. కొందరు ఆ గాట్లు కోసినవాళ్లని, అంటే మిమ్మల్నే, తిట్టుకుంటూ పోతారు. తిట్టాడంటే మేలుకున్నట్టే కదా. హాజరు వేసేస్తాను."

"నన్ను తిట్టినా హాజరేనా!"

"బాగా తిడితే ఇంకా బాగా మేలుకున్నట్టు."

"మరి ఈ మొదటి వరసలో... ‘బేకరీ వ్యాను, నాలుగూ నలభై, గైర్హాజరు.’ మొత్తం పట్టీలో గైర్హాజరు ఇదొక్కటే. ఆ రోజు లీవు పెట్టిందెవరు టీచర్ గారూ?"

"అది మీ గాట్లు రాకముందుది."

"కల్వర్టు దగ్గర జరిగిన..."

"పోయింది నా కొడుకే, అబ్బాయ్. దీని మొగుడు."

"ఆ వ్యాను నడిపింది ఆయనా?"

"రోడ్డు నున్నగా ఉంది. వాడికి కన్ను మూతపడింది. లేపడానికి ఏమీ లేకపోయింది. అంతే."

"క్షమించండి. నాకు తెలీదు. నేనేదో లీవు అని..."

"మీరు తప్పుగా ఏమీ అనలేదు. ఎనిమిది నెలలకి మీవాళ్లు వచ్చి గాట్లు కోశారు. మొదటి రోజు బర్రుమంటే నేనూ తిట్టాను. రెండో రోజు ఈ పట్టీ తెచ్చుకుని, మొదటి వరసలో ఆయనదే రాశాను."

"అమ్మాయ్, నేను మోత గురించి రాశానా? నీ నిద్ర గురించి రాశాను."

"తెలుసత్తయ్యా. పేజీ తిప్పండి ఇంజనీరు గారూ. పోయిన నెల, ఆఖరి ఆదివారం. పైకి చదవండి."

"చాలండీ, నాకు అర్థమైంది."

"చదవండి."

"‘తెల్ల జీపు. వెనక టైరుకి ఎర్ర కవరు. ఐదున్నర.’ ...ఇలాంటి జీపులు బోలెడుంటాయి టీచర్ గారూ."

"ఉంటాయి. అత్తయ్యా, మన గేటు ముందు నిలబెట్టిన జీపు ఏ రంగు?"

"తెలుపు. వెనక చక్రానికి ఎర్ర టోపీ పెట్టారు. పెళ్లికొడుకులా ఉంది."

"ఆదివారం ఆఫీసు జీపు బయటికి తీయకూడదండీ. తీస్తే మెమో ఇస్తారు. కాబట్టి అది ఈ జీపు అయ్యే అవకాశమే లేదు."

"నేను మెమో ఇవ్వను. మిగతాది చదవండి."

"‘బర్రుమంది. మా గేటు దాటి ఆగింది. డ్రైవరు దిగాడు. సీసాలో నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. వెనక తలుపు తీసి చాలాసేపు లోపలికి చూశాడు. సామాను ఏదో పడిపోయినట్టుంది. పది నిమిషాలు ఉండి వెళ్లాడు. హాజరు.’"

"ఏమబ్బాయ్, ఆవలింతలు ఆగిపోయాయే?"

"అత్తయ్యా."

"ఉన్నమాటే అన్నాను."

"మంచినీళ్లు ఇమ్మంటారా ఇంజనీరు గారూ?"

"వద్దండీ. ఆ పెన్ను ఇటివ్వండి. మూత తీసే ఇవ్వండి."

"ఏం రాస్తున్నారు?"

"‘ఎనిమిదో ఇల్లు తీసే ఉంది. ఇంటివారు ఒప్పుకోలేదు. పరిశీలించాను. గాట్లు పూడ్చరాదు.’ కింద నా సంతకం. మిషన్‌వాడికి ఫోన్ చేసి వెనక్కి పొమ్మంటాను."

"మరి ఆ ఏడిళ్లవాళ్లు?"

"ఈ పట్టీ ఒక్కరోజు అరువిస్తే ఇంటింటికీ తిరిగి చూపిస్తాను. ఇంకో ఏడు టీలు. ఏం చేస్తాం."

"పోనీలే, నా కాగితం చెత్తబుట్టలో పడ్డా ఫర్వాలేదు. దీని నిద్ర మాటేమిటి? దానికి మీ శాఖలో మందేమైనా ఉందా?"

"మందు మన ఇంట్లోనే ఉంది అత్తయ్యా. ఇవాళ్టి నుంచి రోజు విడిచి రోజు మీరు రాయండి. నేను పడుకుంటాను."

"నాకు వినపడదుగా!"

"మంచం అదురుతుందిగా."

"చూశావా అబ్బాయ్? నేను ఫిర్యాదు పెడితే నాకు ఉద్యోగం ఇచ్చింది. సరే కానీ అమ్మాయ్, ఒట్టు వెయ్యి. నా వంతు రోజున నువ్వు లేవకూడదు."

"లేవను."

"కిటికీ దగ్గరికి రాకూడదు."

"రాను. మీ రాత ఎలా ఉందో పొద్దున చూస్తాను, అంతే."

"దిద్దుతుందట! విన్నావా?"

"టీచర్ గారూ, దిద్దడమంటే గుర్తొచ్చింది. మీ పట్టీలో ఒక తప్పుంది."

"తప్పా? నా పట్టీలోనా? ఎక్కడ?"

"ఆదివారం దాంట్లో."

"అంటే ఆ జీపు మీది కాదంటారా?"

"నాదేనండీ. మెమో ఇచ్చినా సరే, నాదే. తలుపు తీసి చూసింది సామాను కోసం కాదు. వెనక సీట్లో మా పాప నిద్రపోతోంది. ఆరేళ్లు. మీరు ఒక్క హాజరే వేశారు, దాని పక్కన ఇంకోటి వేయండి."