నలభై దస్తీలు

విజయేందర్ కథ మొదలుపెట్టాలంటే ముందు చాయ్ సాసర్లో పోసుకోవాలి, ఒక గుటక తాగాలి, "అబద్ధమైతే ఈ పాలు ఇరిగిపోవాలె" అనాలి. ఇన్నేళ్లలో ఆయన ఎన్ని అబద్ధాలు చెప్పాడో లెక్కలేదు గానీ, నాంపల్లి స్టేషన్ దగ్గరున్న ఆ ఇరానీ హోటల్లో పాలు ఒక్కసారీ విరగలేదు.

ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల అంగళ్లన్నీ తిరిగి, మధ్యాహ్నానికి నలుగురు మిత్రులు అక్కడ చేరతారు. నలుగురికీ ఒకటే పిచ్చి, జాజ్ సీడీలు. లోకమంతా ఫోన్లో పాటలు వింటుంటే వీళ్లు మూతబడ్డ మ్యూజిక్ షాపుల సరుకు ఎక్కడ తేలుతుందా అని నడుములు వంచి వెతుకుతుంటారు. అదీ ఒక్కో సీడీ కాదు. పదీ పన్నెండూ కలిపి అట్టపెట్టెలో పేర్చిన సెట్లు కావాలి. కొత్తవి కొనే తాహతు ఎవరికీ లేదు. ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికితే ఆ ఆదివారం పండగే.

విజయేందర్‌కు హిమాయత్‌నగర్‌లో ట్యూబ్‌లైట్ల దుకాణం. బాలమల్లుది ఆంప్లిఫయర్లు బాగుచేసే పని. శశికిరణ్ లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసు క్లర్కు, చిన్నవాడు, నోరు ఊరుకోదు. నాలుగోవాడు హెర్బర్ట్, సికింద్రాబాద్‌లో మిషన్ బడి లెక్కల మాస్టరు. ఆయన మొదటినుంచీ తక్కువే మాట్లాడతాడు, ఈ మధ్య అదీ లేదు. గోడవారగా కూర్చుని, భార్య డోరా చర్చిలో స్త్రీల మైత్రి మీటింగు ముగించుకుని వచ్చేదాకా రోడ్డు చూస్తుంటాడు.

"ఏం పెద్ద ముచ్చట కాదులే," అన్నాడు ఆ రోజు విజయేందర్, సాసర్ కింద పెడుతూ. పెద్ద కోతకు ముందు ఆయన ఎప్పుడూ ఇలాగే అంటాడు. "ఇన్నొద్దులు చెప్పలే, చెప్పి గొప్పలు పోవుడెందుకని. పోయిన వానకాలం, మా బిడ్డ ఉజ్వలకు ఎంట్రన్స్ గైడు కొందామని ఆబిడ్స్ పోయిన, గంతే, సీడీల ధ్యాసే లేదు. జీపీవో దాటి జర ముంగటికి పోయిన్నో లేదో, గాడ వంటల పుస్తకాల నడుమ నల్ల డబ్బ. మీద బంగారు అక్షరాలు. లోపల పది సీడీలు, సీలు సుత ఇప్పలే. అన్నీ పాతకాలం క్లారినెట్ పాటలు."

హెర్బర్ట్ చాయ్ కప్పు పెదవుల దాకా తెచ్చి ఆపాడు.

ఆ డబ్బా మీద మొదట చెయ్యేసింది ఆయనే. డోరా వాళ్ల నాన్న సికింద్రాబాద్ క్లబ్బుల్లో క్లారినెట్ వాయించేవాడు. ఇంట్లో పిల్లలను పడుకోబెట్టడానికి వాయించే పాట ఒకటుండేది, దాన్ని ఆయన ఏ రికార్డు విని నేర్చుకున్నాడో ఆ రికార్డు ఈ డబ్బాలో ఉంది. ఫోన్లో వెతికితే ఆ పాటే వేరేవాళ్లు వాయించినవి బోలెడు దొరికాయి, అది మాత్రం దొరకలేదు. డోరాకు కుడి చెవి అప్పటికే పోయింది. ఎడమది కూడా పోతుంది, ఎప్పుడన్నది చెప్పలేమన్నాడు డాక్టరు. "అది పోకముందు నాన్న పాట ఒక్కసారి ఇంటే చాలు నాకు," అంది డోరా. బల్ల దగ్గర చెప్పలేదు గానీ, హెర్బర్ట్ వెతకని అంగడి లేదు. చివరికి ఆబిడ్స్‌లో, వంటల పుస్తకాల మధ్య దొరికింది.

అప్పుడే కొని సంచిలో వేసుకుంటే సరిపోయేది. కానీ డోరా తన చేత్తో తీసుకుంటే చూడాలని ముచ్చటపడ్డాడు. చర్చి పక్క సందులోనే, ఆరాధన ముగిసే వేళ. జేబులోంచి దస్తీ తీసి, ఆ చేతిగుడ్డను డబ్బా మీద పరిచి, ఆమెను పిలుచుకురావడానికి పోయాడు.

దస్తీ వేస్తే ఆ వస్తువు వాడిదే. బస్సు కిటికీలోంచి సీటు మీద దస్తీ వేసినట్టే. ఒకసారి బాలమల్లూ శశికిరణ్ ఒకే సెట్టు కోసం నడిరోడ్డు మీద కొట్లాడుకున్నాక ఆ నియమం పెట్టుకున్నారు, అంగళ్లవాళ్లూ సరేనన్నారు. పెట్టింది విజయేందరే. "దస్తీ మీద ఇంకొకడు చెయ్యేస్తే వాడు మనిషే కాదు," అని ఇదే బల్ల గుద్ది చెప్పాడు.

హెర్బర్ట్ భార్యను వెంటబెట్టుకుని వచ్చేసరికి డబ్బా లేదు, దస్తీ లేదు. అంగడాయన అన్నానికి పోతూ బామ్మర్దిని కూర్చోబెట్టాడు. "దస్తీ నాదే అని చెప్పి, పైసలిచ్చి తీస్కపోయిండు సార్," అన్నాడా బామ్మర్ది. ఎవరు, ఎలా ఉన్నాడంటే చెప్పలేకపోయాడు. దస్తీ మర్మం తెలిసినవాడంటే ఈ బల్ల దగ్గరి ముగ్గురిలో ఒకడే. అప్పటినుంచీ హెర్బర్ట్ ప్రతి ఆదివారం వచ్చి ముగ్గురి మొహాలూ చూస్తున్నాడు. అడగలేదు. అడిగితే ఏ పాపమూ ఎరగని ఇద్దరికి మనసు విరుగుతుందని ఊరుకున్నాడు.

"డబ్బ దిక్కు నేను చూడనే లేదు," అంటున్నాడు విజయేందర్. "చూస్తే వాడు ధర పెంచుతడు. పక్కకున్న వంటల పుస్తకం తీసి తిరగేసిన, వంకాయ బాగారెట్ల చేస్తరో మొత్తం చదివిన. దీనికెంతన్న. యాభై అన్నడు. పుస్తకం వద్దుగని గీ ఖాళీ డబ్బ ఇయ్యి, మా ఇంటామె గాజులు పెట్టుకుంటదన్న."

"వాడు నమ్మిండా?" అన్నాడు శశికిరణ్.

"నమ్ముతుండే. గప్పుడే బొంబాయి సేటొకడు కారు దిగిండు. తెల్ల సఫారీ, నోట్ల పాన్. నేరుగ వచ్చి డబ్బ మీద దస్తీ ఏసిండు. నా పానం గుభేలుమన్నది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఎనకనే ఇంకొకడు. వానెనక మద్రాసోడు. కల్కత్తోడు. ఒకని మీద ఒకడు దస్తీలు ఏసుడే ఏసుడు. అటు నుంచి పెండ్లి బరాత్ పోతుంటే, పెండ్లికొడుకు గుర్రం దిగి, అత్తగారు పెట్టిన పట్టు దస్తీ ఏసిండు. అబద్ధమైతే ఈ పాలు ఇరిగిపోవాలె."

"గుర్రం ఏం ఏసిందన్నా?" అడిగాడు శశికిరణ్.

"నవ్వు బిడ్డా, నవ్వు. నలభై దస్తీలు పడ్డయి. డబ్బ కానొస్తలేదు, చాకలి మూట తీర్గ అయింది."

బాలమల్లు తొడ చరుచుకున్నాడు. "నలభైయ్యా? తర్వాత?"

హెర్బర్ట్ కప్పు బల్ల మీద పెట్టేశాడు. ఒక్క దస్తీని దాచాలంటే దాని మీద ముప్పైతొమ్మిది వేయాలన్నమాట అనుకున్నాడు. అదే పనిగా విజయేందర్ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో దొంగతనం ఏమీ లేదు. నలుగురు వింటున్నారన్న సంతోషం తప్ప ఇంకేమీ లేదు. అది చూస్తే హెర్బర్ట్‌కు ఒళ్లు మండింది.

"తర్వాతనా? జపానోడొకడు దిగిండు. వానికి జాజ్ డబ్బ యాడున్నా వాసనొస్తదట, శంషాబాదుల విమానం దిగి, మెట్రో ఎక్కి, ముక్కుకు అందినకాడికి సక్కగ వచ్చిండు. జనం ఆగిన్రు, ఆటోలు ఆగినయి, ఆబిడ్స్ నుంచి గీ నాంపల్లి దాకా ఒక్క బండి కదుల్తలేదు. స్టేషన్ల రైలు బయల్దేరాలె, గార్డు లేడు. యాడున్నడు? మన డబ్బ కాడ ఉన్నడు. పాపం దస్తీ తెచ్చుకోలే. చేతిలున్న పచ్చ జెండా ఏసి నిలబడ్డడు. జెండా డబ్బ మీదుంటే రైలు ఎట్ల పోతది చెప్పు? ఎనకాల వచ్చే బండ్లన్నీ కాజీపేట దాకా నిలబడ్డయి. పేపర్ల సాంకేతిక లోపం అని రాసిన్రు. సాంకేతికం లేదు ఏం లేదు, గీ విజయేందర్ బేరం తెగలే, గంతే."

పక్క బల్లలవాళ్లు కూడా ఇటు తిరిగారు. శశికిరణ్‌కు నవ్వుతో పొలమారింది. విజయేందర్ కుర్చీ వెనక్కి జరిపి నిలబడ్డాడు. నిలబడితే ఆయన కథకు ఇక హద్దుండదు.

"నేను మాత్రం నియమం తప్పలే. పెట్టినోన్ని నేను, నేనెట్ల తప్పుత? ఒక్క దస్తీ మీద చెయ్యెయ్యలే. సక్కగ నిలబడి, కండ్లు మూసుకొని, జాజ్ పాటొకటి ఈల ఏసిన. ఏసిన్నో లేదో మొజంజాహి దిక్కు నుంచి గాలి లేచింది. దస్తీలన్నీ కొంగల్లెక్క లేచిపోయినయి. అన్నీ పోయి ఉస్మాన్‌గంజ్‌ల పడ్డయి. మీకు నమ్మకం లేకుంటే గాడికి పోయి చూడున్రి, గాడి హమాలీలు ఇయ్యాల్టికీ బొంబాయి సేటు దస్తీలతోనే చెమట తుడుచుకుంటున్నరు. అంగడోడు నా కాళ్ల మీద పడ్డడు. పైస వద్దు సారూ, ఇది నీకోసమే పుట్టింది, తీస్కపో అన్నడు. తీస్కపో అనుడే కాదు, ఆటో కిరాయి సుత వాడే ఇచ్చిండు."

హోటలంతా నవ్వింది.

"విజయేందర్," అన్నాడు హెర్బర్ట్.

ఆయన నోరు తెరవడమే అరుదు కాబట్టి అందరూ చూశారు.

"అన్ని దస్తీలు లేచినయా? ఒక్కటి సుత మిగల్లేదా?"

కథకు ఇంకో మెలిక దొరికిందని విజయేందర్ కళ్లు మెరిశాయి. "మంచిగ అడిగినవన్నా. మరిచేపోయిన. ఒక్కటి లేవలే. ఎంత గాలొచ్చినా అతుక్కొనే ఉన్నది."

"ఎట్లుంటది అది?"

"పచ్చ గళ్లది. మూలకు ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ, గోధుమరంగుల, గిట్ల తమలపాకు తీర్గ." గాలిలో వేలితో గీసి చూపించాడు. దస్తీల గురించి చెప్పిన మాటల్లో అదొక్కటే నిజం, అందుకే అంత తడుముకోకుండా వచ్చింది.

"ఇస్త్రీ చేసుకుంట నేనే కాల్చిన," అన్నాడు హెర్బర్ట్. "డోరా ఫోన్ల మాట్లాడుతుంటే, ఏమంటున్నరో సరిగ ఇనబడక నన్ను పిల్చింది. పెట్టె గట్లనే మర్చిపోయి పోయిన. నలభై లేవు విజయేందర్. బొంబాయి సేటు లేడు, జపానోడు లేడు. ఒక్కటే దస్తీ ఉండె. నాది. మిగిలిన ముప్పైతొమ్మిది ఇప్పుడు నువ్వేసినవి."

బాలమల్లు తల దించుకుని సాసర్ తిప్పుతున్నాడు. విజయేందర్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండి, తర్వాత మెల్లగా కూర్చున్నాడు.

"నీదని తెల్వదన్నా. ఒట్టు. నీదని తెలిస్తే..."

"ఎవరిదో ఒకరిది కదా?"

విజయేందర్ బల్ల అంచు గోకాడు. "డబ్బ మంచిగున్నదన్నా. భద్రంగ పెట్టిన. ఇప్పుడే పోయి తెస్త."

"ఇన్నవా?"

"ఏంది?"

"పాటలు. ఇన్నవా?"

"లేదన్నా. సీలు ఇప్పితే దాని ఇలువ పడిపోతది కదా. బీరువాల పెట్టిన. దుమ్ము సుత పడలే." ఆ మాట ఓదార్పుగా ఉంటుందనుకున్నాడో ఏమో, గొంతులో కొంచెం ధైర్యం వచ్చింది. "నువ్వే ఇప్పు. వదినకు జర తక్కువ ఇనబడ్తది కదా, బాలమల్లు పెద్ద స్పీకర్ ఇస్తడు, మంచిగ సౌండ్ పెంచుకొని..."

"క్రిస్మస్‌కు ముందు రెండో చెవి పోయింది," అన్నాడు హెర్బర్ట్. "ఇప్పుడు ఏమీ ఇనబడదు. మీకు చెప్పలే. ఎవరికి చెప్పాల్నో తెల్వక చెప్పలే." కప్పు పక్కకు జరిపాడు. "నీ మీద నాకు మస్తు కోపమున్నది విజయేందర్. దొంగిలించినందుకు కాదు. నువ్వు ఇననన్నా ఇనలేదు. అది బీరువాల పెట్టినంక క్రిస్మస్ దాకా ఆమెకు ఒక చెవి ఉండె."

అప్పుడే డోరా వచ్చింది. గొడుగు మడుస్తూ, గుమ్మంలోనే నవ్వుతూ, నేరుగా వీళ్ల బల్ల దగ్గరకు వచ్చింది. విజయేందర్ లేచి రెండు చేతులూ జోడించాడు. "వదినా, నన్ను మాఫ్ చెయ్యి, నేను..." అని గబగబా ఏదో చెప్పబోయాడు. ఆమె ఆయన పెదవులు చూసింది, ఏమీ అందక హెర్బర్ట్ వైపు తిరిగింది.

"ఏదో మంచి ముచ్చట నడుస్తున్నట్టున్నదే," అంది. గొంతు ఎంత పెద్దగా ఉందో ఆమెకు తెలియదు, హోటలంతా వినబడింది. "నేను రాంగనే ఆపినవేంది విజయేందర్? చెప్పు. ఇనబడకున్నా ఫికర్ లేదు, నువ్వు చెప్తుంటే నీ మొహం చూస్తెనే నవ్వొస్తది నాకు."

విజయేందర్ హెర్బర్ట్ వైపు చూశాడు, వదిలెయ్యమన్నట్టు.

హెర్బర్ట్ కుర్చీ జరిపి భార్యను తన పక్కన కూర్చోబెట్టాడు. "చెప్పు," అన్నాడు.

విజయేందర్ చేతులు లేచాయి. గాలిలో ఒక డబ్బా ఆకారం గీశాయి. దాని మీద ఒక దస్తీ వేశాయి, ఇంకోటి వేశాయి, ఇంకోటి. బుగ్గలు పొంగించి పాన్ నమిలాడు, గుర్రం దిగాడు, జెండా ఊపాడు. పెదవులు ఆడుతున్నాయి గానీ గొంతులోంచి ఒక్క మాట రావడం లేదు. కళ్లలోంచి నీళ్లు కారి మీసాల్లోకి దిగుతున్నాయి. డోరా అవి కూడా కథలో భాగమే అనుకుని, హెర్బర్ట్ భుజం పట్టుకుని పడీపడీ నవ్వింది.

హెర్బర్ట్ ఆయన్ను ఆపమనలేదు. డోరాకు చక్కెర తక్కువ వేసి ఒక చాయ్ తెమ్మన్నాడు.