రెండో మాట వినడానికి

సభకు అధ్యక్షత వహిస్తున్న మా శాఖాధ్యక్షురాలు గారికి, ముఖ్య అతిథిగా విచ్చేసి ముందు వరసలో చేతిలో పెన్సిల్‌తో కూర్చున్న మా పాత సూపర్‌వైజర్ గారికి, నాకు పాఠాలు చెప్పిన గురువులకి, వచ్చే సోమవారం నాతో పాటు విమానం ఎక్కబోతున్న నా తోటి విద్యార్థులకి, గోడవార వరస మొత్తం ఆక్రమించుకుని అప్పుడే గుసగుసలు మొదలెట్టిన మా ఎక్స్ఛేంజి ఆడవాళ్లకి, ఆఖరి వరసలో, అవసరమైతే లేచి వెళ్లిపోవడానికి వీలుగా తలుపు పక్కన కూర్చున్న మా అమ్మాయికి నమస్కారం.

నన్ను ఎరగనివాళ్లు కూడా హాల్లో ఉన్నారు కాబట్టి ముందు నా సంగతి చెప్పుకుంటాను. నా వయసు అరవై ఒకటి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సగం కాలం ట్రంక్ బోర్డు మీద, సగం కాలం ఫిర్యాదుల కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. రిటైరయ్యాక మనుషులు మొక్కలు పెంచుకుంటారు, మోకాళ్లకి వైద్యం చేయించుకుంటారు. నేను ఈ విశ్వవిద్యాలయంలో స్పానిష్, ఇంగ్లీషు సాహిత్యాల డిగ్రీలో చేరాను. మోకాళ్ల వైద్యం కూడా చేయించుకున్నాననుకోండి, మా తరగతి మూడో అంతస్తులో ఉంది. (నవ్వులు) ఈ కోర్సులో రెండేళ్లు ఇక్కడ చదివాక మూడో ఏడాదంతా స్పానిష్ మాట్లాడే దేశంలో ఉండి చదువుకుని రావాలి. అలా వెళ్లేవాళ్లకి ఇవాళ వీడ్కోలు. పిల్లల తరఫున ఒకరు మాట్లాడాలని మా శాఖాధ్యక్షురాలు మేడమ్ అంటే, పిల్లలందరూ కలిసి పెద్దపిల్లనని నన్ను ముందుకి తోశారు. ఇక నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే పదిహేను రోజుల నుంచి నా కాళ్లు భూమ్మీద ఆనడం లేదు!

ఈ చదువు ఎందుకని అందరూ అడుగుతారు. చెప్తాను. ఈ కాలం పిల్లలకి ట్రంక్ కాల్ అంటే తెలియదు. దూరపు ఊరితో మాట్లాడాలంటే ముందు మాకు నంబరు చెప్పి బుక్ చేసుకోవాలి. మేము హెడ్‌సెట్ తగిలించుకుని, వైరు చివరి పిన్ను బోర్డులో ఆ కన్నంలోంచి పీకి ఈ కన్నంలో గుచ్చి, అటువైపు మనిషి పలికేదాకా ఉండి, 'మాట్లాడండి' అని చెప్పి మా మీట పైకి ఎత్తేయాలి. మీట ఎత్తామంటే మాకిక ఏమీ వినపడదు. వినకూడదు, అది రూలు. మూడు నిమిషాలు కాగానే మళ్లీ లైన్లోకి వెళ్లి, 'మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా?' అని అడగాలి. మేము వరసగా కూర్చుని పనిచేస్తుంటే మా సూపర్‌వైజర్ గారు మా వెనక పిల్లిలా నడిచేవారు. ఎవరి మీటైనా ఒక్క క్షణం ఆలస్యంగా లేచిందా, పెన్సిల్‌తో కుర్చీ వీపు మీద టక్‌మని ఒకటిచ్చేవారు.

(ముందు వరసలో పెన్సిల్ చప్పుడు. నవ్వులు, చప్పట్లు.)

అదిగో, అదే చప్పుడు! నాకు ఇప్పటికీ వీపు నిటారుగా అయిపోతుంది. ఆ గోడవార కూర్చున్న మహాతల్లులున్నారే, వాళ్లు ఈవిడ అటు తిరగగానే వినేవాళ్లు. ఊళ్లో ఎవరి పెళ్లి తప్పిపోయిందో పెళ్లివారి కన్నా ముందు వీళ్లకి తెలిసేది. ఏం, కాదంటారా? నేను మాత్రం వినలేదు. మంచిదాన్ని కావడం వల్ల కాదు, ఆ పెన్సిల్ అంటే హడలు కావడం వల్ల.

అప్పట్లో ఓ ఎగుమతుల కంపెనీలో పనిచేసే, స్పానిష్ మాట్లాడే విదేశీయుడొకాయన వారానికోసారి తన ఇంటికి కాల్ బుక్ చేసేవాడు. అటువైపు గంట మోగేది, ఓ ఆడమనిషి ఎత్తి 'దీగా' అనేది. మనం ఫోన్ ఎత్తి 'ఆఁ, చెప్పండి' అంటామే, అలా. ఇటువైపు ఈయన గుండెల నిండా ఊపిరి పీల్చుకునేవాడు. అంతే, నేను మీట ఎత్తేసేదాన్ని. మూడు నిమిషాల తర్వాత నేను మళ్లీ లైన్లోకి వెళ్లేసరికి ఇద్దరూ పడీపడీ నవ్వుతూ ఉండేవాళ్లు! మధ్యలో ఏం జరిగిందో, ఆయన ఏమన్నాడో, ఆవిడేమందో, అంత దూరం నుంచి అంత నవ్వు ఎలా తెప్పించాడో నాకు తెలిసేది కాదు. ఆ కంపెనీ మూతపడింది, ఆయన వెళ్లిపోయాడు, ట్రంక్ బోర్డే ఎత్తేశారు. అయినా ఆ మధ్యలోది ఏమిటన్న ఆరాటం మాత్రం నన్ను వదల్లేదు. ఒక్క ఆయన సంగతే కాదు, అన్నేళ్లలో నేను కలిపిన ప్రతి కాల్‌లోనూ మొదటి మాట విన్నాను, రెండో మాట వినలేదు. రిటైరైన రోజు దండలూ శాలువా పట్టుకుని ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే, నాకు తోచింది ఒక్కటే. ఆ రెండో మాట వినాలి.

మరి ఇంగ్లీషు ఎందుకంటారా? నాకొచ్చిన ఇంగ్లీషు ముప్పై వాక్యాలు. లైన్లో ఉండండి, అటువైపు జవాబు లేదు, దయచేసి కాసేపాగి ప్రయత్నించండి, ఈ బాపతు. వాటితోనే ఉద్యోగమంతా దర్జాగా నెట్టుకొచ్చాను. మొదటి ఏడాది ఇంగ్లీషు నవల మీద వ్యాసం రాయమంటే, ఆరువందల పేజీల నవల గురించి నేను రాసింది ఇంత: 'ఆవిడ ప్రేమించింది. ఆయన జవాబివ్వలేదు. కాసేపాగి మళ్లీ ప్రయత్నించింది.' (నవ్వులు) మా ఇంగ్లీషు మాస్టారు కింద ఎర్రసిరాతో 'దయచేసి పొడిగించండి' అని రాశారు. ఆయనకి మా ఎక్స్ఛేంజి సంగతి అప్పటికి తెలియదు, ప్రమాణం చేసి చెప్తున్నా.

రెండూ కలిపి చదువుతుంటే ఉందండీ మజా! ఇంగ్లీషు నవలలో ఒకాయన కిటికీ దగ్గర నిలబడి 'వాన పడేట్టుంది' అంటాడు. దానర్థం నన్ను పెళ్లి చేసుకుంటావా అని. ఆవిడ 'గొడుగు తెచ్చుకోలేదు' అంటుంది. అంటే సరేనని. ఇది అర్థం కావడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది. స్పానిష్ నాటకంలో అలాంటి నాన్చుడేం ఉండదు, తలుపు తోసుకొస్తూనే నీ కోసం ప్రాణాలిస్తానంటాడు, మూడో అంకంలో నిజంగానే ఇచ్చేస్తాడు. పొద్దున్న క్లాసులో మనుషులు మనసులో మాట చెప్పక చస్తారు, మధ్యాహ్నం క్లాసులో చెప్పి చస్తారు. నేను ఈ రెంటి మధ్య ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చునేదాన్ని. నా పక్కన కూర్చునే మా పొడుగు కుర్రాడు, అదిగో ఆ స్తంభం వెనక నక్కాడు, 'ఎక్స్ఛేంజిగారూ, ఏడుస్తున్నారా నవ్వుతున్నారా?' అని అడిగేవాడు. వీళ్లు మొదట్లో నన్ను ఆంటీ అనేవాళ్లు, తర్వాత ఎక్స్ఛేంజిగారని పేరు పెట్టారు. నాకు ఇదే నచ్చింది.

ఇక్కడే నా కొంప మునిగింది. నేను స్పానిష్ నేర్చుకున్నదంతా నాలుగొందల ఏళ్ల కిందటి నాటకాల్లోంచి. రెండో ఏడాది ఆఖర్న మౌఖిక పరీక్ష గట్టెక్కితేనే విదేశం పంపిస్తారు. పరీక్షకుడు బయటివాడు, కుర్రాడే, మర్యాదస్తుడు. 'అమ్మా, మీరు కాఫీ హోటల్లో కూర్చున్నారు, సర్వర్ వచ్చాడు, ఏమంటారు?' అన్నాడు. నేను చదివిన నాటకాల్లో కత్తి అడిగినవాళ్లున్నారు, విషం అడిగినవాళ్లున్నారు, కాఫీ అడిగినవాడు ఒక్కడూ లేడు. అయినా తగ్గలేదు. లేచి నిలబడి, చెయ్యి గుండెమీద పెట్టుకుని అందుకున్నాను. నేనన్నదాన్ని మన భాషలోకి మారిస్తే ఇలా ఉంటుంది: 'ఓ కరుణాహృదయుడా! సుదీర్ఘ ప్రయాణమున డస్సి నీ ద్వారమునకు వచ్చితిని. ఒక్క పాత్ర పానీయమొసంగి ఈ అభాగ్యురాలి ప్రాణములను నిలుపుము!'

(నవ్వులు, చాలాసేపు.)

ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, 'అమ్మా, మీరు నాలుగొందల ఏళ్ల వెనక్కి వెళ్లేట్టయితే ఇప్పుడే పంపించేవాణ్ణి' అన్నాడు. ఫెయిల్ చేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు మేడమ్ నన్ను గదికి పిలిచి, మంచితనంతోనే, మీ వయసువాళ్లకి మినహాయింపు ఉంది, విదేశం వెళ్లక్కర్లేదు, ఇక్కడే ఉండి ఒక పెద్ద వ్యాసం రాస్తే చాలన్నారు. ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్తే, దాని మొహం వెలిగిపోయింది. అది చూసి నాకు ఒళ్లు మండింది. 'నేను ఫెయిలైతే నీకంత సంతోషమేమిటే' అన్నాను. అప్పుడది అన్న మాట ఈ సభలో చెప్పొచ్చో లేదో తెలియదు, అయినా చెప్తాను, అది వింటోంది గనక.

'చిన్నప్పుడు నేను ఎక్స్ఛేంజికి ఫోన్ చేస్తే నీకు లైను ఖాళీ ఉండేది కాదు. పెద్దయ్యాక చేస్తే కౌంటర్లో ఉన్నా, తర్వాత చేస్తా అన్నావు. నాన్న ఉన్నన్నాళ్లూ నాకు ఏదున్నా నాన్నతో చెప్పుకున్నా. నాన్న పోయాక, నువ్వు రిటైరయ్యాక, ఇప్పుడైనా తీరిగ్గా కూర్చుంటావనుకుంటే పుస్తకాలు పట్టుకున్నావు. ఇప్పుడేమో ఏకంగా దేశం దాటి పోతానంటున్నావు. ఊళ్లోవాళ్లందరినీ కలిపావు గదమ్మా, నేనెప్పుడు మాట్లాడేది నీతో?'

 ఆ మాట నిజం గనక నాకు బాధేసింది. వెళ్లాలన్న కోరికా తగ్గలేదు. మా అమ్మాయి ఆ రోజు నుంచి నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది. సోమవారం విమానాశ్రయానికి వస్తానని గాని రానని గాని ఇంతవరకూ చెప్పలేదు.

మినహాయింపు వద్దని, ఇంకోసారి పరీక్ష పెట్టమని మేడమ్‌ని బతిమాలుకున్నాను. ఈ పిల్లలు క్యాంటీన్‌లో నా చుట్టూ మూగి, కూరగాయలు బేరమాడటం, బస్సులో చోటడగటం, చొక్కా మాపినందుకు తిట్టడం, అన్నీ మామూలు స్పానిష్‌లో నేర్పారు. తిట్టడం మరీ శ్రద్ధగా నేర్పారు. రెండోసారి ఆ పరీక్షకుడు పద్ధతి మార్చాడు. రెండు కుర్చీలు వీపు వీపు ఆనించి వేసి, 'ఇది ఫోన్ అనుకోండి, నేను ఇంటి యజమానిని, మీరు అద్దెకి గది కోసం మాట్లాడాలి' అన్నాడు. తలుపు దగ్గర మూగి చూస్తున్న పిల్లలందరూ బిక్కచచ్చిపోయారు, మొహం కనపడకపోతే ఈవిడేం మాట్లాడుతుందని. నేను కూర్చున్నాను. నా చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్లింది. అటునుంచి 'దీగా' అన్నాడు.

ఇక చూడండి! గది అడిగాను, కిటికీ ఎటు ఉందని అడిగాను, ఆయన గొంతు బొంగురుపోతే జలుబు చేసిందా అని అడిగాను, వాళ్లమ్మ ఎక్కడుంటుందని అడిగాను, ఆయన పరీక్ష సంగతి మరిచిపోయి వాళ్లమ్మ మీద చాడీలు చెప్పుకొచ్చాడు. సరిగ్గా అప్పుడు, పాడు అలవాటు ఎక్కడికి పోతుంది, నా నోట్లోంచి స్పానిష్‌లో ఊడిపడింది: 'మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా?'

(నవ్వులు, చప్పట్లు.)

ఆయన వెనక్కి తిరిగి, 'పొడిగించండమ్మా, ఏడాది పొడిగించండి' అన్నాడు. అలా పాసయ్యాను.

అమ్మాయ్, ఇప్పుడు నీ ప్రశ్న. ఆ రోజు చెప్పలేనిది ఇందరి ముందు చెప్తాను, మళ్లీ మాట మార్చడానికి లేకుండా. వెళ్లేచోట నేను అద్దెకి తీసుకున్న గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, వీధివైపు కిటికీ ఉన్నాయట. నా ముందు క్యూలో ఎవరూ ఉండరు. అక్కడ నేనెవరినీ ఎవరితోనూ కలపక్కర్లేదు. జీవితంలో మొదటిసారి లైను మధ్యలో కాకుండా లైను చివర కూర్చుంటాను తల్లీ. ఆ చివరకి ఎవరైనా ఫోన్ చేస్తారా లేదా అన్నది మాత్రం నా చేతిలో లేదు. నాకు చెప్పాల్సినవి నీ దగ్గర చాలా మిగిలిపోయాయి. నాకు తెలుసు. నాకు వినాలని...

(ముందు వరసలో పెన్సిల్ చప్పుడు.)

తెలుసండీ సూపర్‌వైజర్ గారూ, నా సమయం ఎప్పుడో దాటిపోయింది. మరి మీరే చెప్పండి, పొడిగించమంటారా?

(నవ్వులు. ఆఖరి వరసలో ఎవరో లేచి నిలబడ్డారు.)

ఏంటమ్మా? ఇక్కడికి వినపడలేదు. కాస్త గట్టిగా. గోడవార ఆడవాళ్లూ, మీ గుసగుసలు ఆపండి ఒక్క క్షణం, మా అమ్మాయి మాట్లాడుతోంది.

(ఆగి)

పొడిగించండి అంటోంది.

అందరూ మన్నించాలి, ఇక తొందరగా ముగిస్తాను. సభను నడిపిన మేడమ్‌కి, నన్ను భయపెట్టి పెంచిన సూపర్‌వైజర్ గారికి, ఎర్రసిరా మాస్టారికి, తిట్లు నేర్పిన పిల్లలకి, ఇంత ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మైకు ఇచ్చేసి కిందకి దిగుతున్నాను, ఆఖరి వరసలో నాకో కాల్ వచ్చింది. చెప్పమ్మా, ఈసారి మీట ఎత్తను. సెలవు.