తీగ మీద ఒక్క గుడ్డా లేదు

వెనిస్‌లో ఒక ఇరుకు సందు. కింద టూరిస్టు గైడు లుచిల్లా, పై అంతస్తు కిటికీలో ముసలి ఒరెస్తె.

"ఒరెస్తె బాబాయ్! ఏంటిది, తీగ ఖాళీగా ఉంది?"

"ఇవాళ ఆరెయ్యలేదమ్మా."

"ఆరెయ్యకపోతే ఎలా? నా టూరిస్టులు మలుపులో ఐస్‌క్రీం తింటున్నారు. అవగానే ఇటే వస్తారు."

"రానీ. గోడలున్నాయిగా, చూస్తారు."

"గోడలు ఊరంతా ఉన్నాయి! వాళ్లకి కావాల్సింది నిజమైన వెనిస్. అంటే నీ దుప్పట్లు. మొన్న ఒకావిడ నీ బనీను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది తెలుసా?"

"చిరుగు చూసి ఉంటుంది."

"ఎగతాళి కాదు బాబాయ్. బట్టలు లేని సందులో మనుషుల్ని తిప్పడం దండగంటున్నాడు మా మేనేజరు. ఈ సందు పోతే నా ఉద్యోగమూ పోతుంది. రెండు ఆరెయ్యి, నీకు పుణ్యముంటుంది."

"ఉతకలేదమ్మా."

"ఉతకనివే తడిపి వెయ్యి! వాసన చూడొచ్చారా ఎవరైనా? పోనీ, ఎదురింటావిడతో కాసేపు పోట్లాడు."

"ఎదురింట్లో డచ్చివాళ్లు దిగారు. పొద్దున్నే చెయ్యూపి నా ఫొటో తీసుకున్నారు. వాళ్లతో ఏం పోట్లాడను?"

"ఆగాగు. నువ్వూ ఊరొదిలి పోతున్నావా?"

"అది కాదు..."

"నువ్వూ వంతెన దాటి మెస్త్రెలో అపార్ట్‌మెంటు చూసుకుంటే ఇక్కడ మిగిలేదెవరు? ఈ సందులో పుట్టి ఈ సందులోనే బతుకుతున్న మనిషని రోజూ నిన్నే చూపిస్తున్నాను!"

"పుట్టిన మాట నిజమే."

"మరి?"

"మా ఆవిడ లీడియా చనిపోయిన ఏడాదే ఈ ఇల్లు టూరిస్టుల అద్దె గదులైపోయింది. బట్టలు కనిపిస్తేనే గదులు నిండుతాయని యజమాని నన్ను రోజూ వచ్చి ఆరెయ్యమనేవాడు. ఆరేశాక కాసేపు మా పాత వంటింట్లో కాఫీ కాచుకోనిచ్చేవాడు. రేపు ప్లాస్టిక్ దుప్పట్లు కట్టిస్తున్నాడట. ఇక రావద్దన్నాడు. ఆఖరిసారి కాఫీ తాగిపోదామని వచ్చాను, అంతే."

"ప్లాస్టిక్‌వా! గాలికి ఊగుతాయా?"

"ఊగుతాయట."

"హమ్మయ్య! మరి ఇవాళ్టికో?"

"ఇవాళ్టికి నా చొక్కా తడిపి వేస్తాలే."

"బతికించావు. అవునూ, మరి నువ్వుండేదెక్కడ?"

"నీలాగే, మెస్త్రెలో. పొద్దున్న బస్సులో అద్దానికి తలానించి నిద్రపోతావు చూడు, దిగాల్సిన చోటు రాగానే వెనక సీట్లోంచి గట్టిగా దగ్గేది నేనే. రేపట్నుంచి కాస్త మెలకువగా ఉండమ్మా."