నాలుగో గుర్తు

నువ్వు కూర్చోమనకపోయినా కూర్చుంటాను హనుమక్కా. కేజీఎఫ్‌లో ఎక్కినప్పటినుంచి ముళబాగిలు దాకా బస్సులో నిలబడే వచ్చినాను. అక్కడ ఆటో పట్టుకుంటే వాడు ఊరి బయటే దించేసి, దోవ బాగలేదమ్మా అని తిప్పుకోని పోయినాడు. మిగతాది నడిచినాను. నీ మీద నిష్ఠూరానికి చెప్పడం లేదు. నోరు తెరిచినాక ఏదో ఒకటి ముందు రావల్ల కదా.

నీ పని నువ్వు కానీ. వెదురు చంద్రికల్లోంచి పట్టుగూళ్ళు ఏరుకుంటానే విను. నా ముఖం చూడాల్సిన పని లేదు. మీ చెల్లెలు మునిలక్ష్మి చూసింది, చూసి లోపలికి పోయింది. మంచిదే.

అర్పిత యాడ? ఆకు కోసేకి పోయిందా. సరే. తొమ్మిదో తరగతి చదవాల్సిన నీ మనవరాలు నెల దినాలుగా ఇక్కడ మల్బరీ ఆకు కోస్తా ఉండాది. దాని సోషల్ టీచర్ని కాబట్టి అడిగేకి వచ్చినాననుకో. హెడ్మాస్టర్‌కు కూడా అట్లనే చెప్పి సెలవు పెట్టినాను.

ఏమి, ఆ పటం సంగతేనా అంటావా? ఆ పటం సంగతే. మనిద్దరి మధ్య ఇంగేముండాది.

ఆ సాఫ్ట్‌వేర్ నేను కోరి నేర్చుకున్నది కాదు హనుమక్కా. పిల్లోళ్ళకు పటం చదవడం రావడం లేదు, ఉత్తరం యాడుందంటే పైకి, ఆకాశం వైపు చూపిస్తారు, కాబట్టి కంప్యూటర్లో నేర్పండి అని కోలారులో మాకు మూడు దినాలు ట్రైనింగు పెట్టినారు. నలభై ఏడేండ్ల వయసులో మౌస్ పట్టుకోని కూర్చున్నాను. కోలారు చెరువు గియ్యమంటే దోసె గీసినాను. నేర్పించే గిరీశ్ మాష్టారు నవ్వలేదు పాపం. ఇండ్లు ఒక గాజుపలక మీద, రోడ్లు ఒక పలక మీద, బావులు ఇంకొక దాని మీద ఉండాయనుకోండి మేడం, అన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఊరు కనబడతాది అని చెప్పినాడు. ఆ మాటతో నాకు దారి దొరికింది. మూడో దినానికి మా గుంపులో అందరికంటే ముందు నేనే చేసి చూపించినాను.

గర్వమేనా? ఉండాది. ఎందుకు లేదనల్ల.

వెనక్కి వచ్చి తొమ్మిదో తరగతితో పని మొదలుపెట్టినాను. బడి బీరువాలో గనికంపెనీ కాలం నాటి పటం ఒకటి ఉండాది, చెదలు తిన్నది పోగా మిగిలింది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి ఇప్పటి మన ఊరిగాం మీద పరవల్ల. ఎట్లంటే, పాత పటంలో ఒక చోటు, పైనుంచి తీసిన ఇప్పటి బొమ్మలో అదే చోటు, రెండింటినీ గుండుసూది గుచ్చినట్ల గుర్తు పెట్టల్ల. అట్ల కొన్ని గుర్తులు పెడితే పటం తనంతట తాను సాగి, ముడుచుకోని, సరిగ్గా వచ్చి కూర్చుంటాది.

నేను మూడు పెట్టినాను. రైలు స్టేషను, బ్రిడ్జి, చర్చి. నాలుగోదానికి తావు వెతికినాను, చెదలు తిన్న పటం కదా, తొందరగా దొరకలేదు. మూడుతోనే సరిపెట్టినాను. పక్కన తప్పు ఎంతో చూపించే గడి ఒకటి ఉంటాది. దాంట్లో సున్నా వచ్చింది. సున్నా అంటే ఇంగ అనుమానమేముంది? క్లాసులో బోర్డు మీద ఇంత పొడుగు రాసినాను, సున్నా అని.

మూడు గుర్తులు పెడితే ఎప్పుడైనా సున్నానే వస్తాదంట హనుమక్కా. తప్పు చోట గుచ్చినా సున్నానే. నాలుగోది పెడితేనే అది నిజం చెప్తాది. గిరీశ్ మాష్టారు ఈ ముక్క గట్టిగా చెప్పలేదు. చెప్పినాడేమో. నా నోట్సులో ఉండాది, నా చేత్తో రాసుకున్నదే.

ఆ తరువాత పిల్లోళ్ళు ఎవరిల్లు వాళ్ళు గుర్తు పెట్టినారు. అర్పిత పెట్టిన ఎర్ర చుక్క, పాత పటంలో గనిలోకి దిగే షాఫ్టు గుర్తు, రెండూ ఒకదాని మీద ఒకటి పడినాయి. ఎప్పుడో తాతల కాలంలో మూసేసిన షాఫ్టు, పైన ఆనవాలే లేదు. మీ వంటింటి కింద ఉండాదని పటం చెప్పింది. పిల్ల ఇంటికొచ్చి నీకు చెప్పింది.

నువ్వు ఊరకే భయపడలేదని నాకు తెల్సు. గని నడిచే కాలంలో కింద రాయి పగిలితే పైన అల్మారాలో గిన్నెలు దొర్లి పడేవి. ఆ ఇంట్లో కాపురం చేసినదానివి. నీకు చెప్పల్లనా నేను.

మీ ఆయన ఎల్లప్పన్న సంగతికొస్తాను. ఉండు, ఆ గంప ఎత్తుకోని లోపలికి పోవద్దు. వస్తాననే చెప్తా ఉండాను కదా.

పిల్లోళ్ళ తాతల్ని, అవ్వల్ని ఒక పొద్దు బడికి పిలిపించినాను, పాత తావుల పేర్లు చెప్తారని. గోడ మీద పటం వేసి చూపిస్తా ఉండాను. హెడ్మాస్టర్ మునిశంకర్ సార్ గుమ్మం దగ్గర నిలబడి ఉండాడు. మీ ఆయన వెనక బెంచీలోంచి లేసినాడు. ఇస్త్రీ చొక్కా వేసుకోని వచ్చినాడు ఆ పొద్దు, నువ్వే చేసిచ్చింటావు.

"టీచరమ్మా, ఆ షాఫ్టు మా ఇంటి కింద లేదు. మైదానం కింద ఉండాది. కిందనుంచి దాని అడుగు నా కండ్లతో చూసినాను. ఆ పటంలో ఉండే చర్చి దొరల చర్చి. మీరు గుర్తు పెట్టింది మన కూలి లైన్ల దగ్గర చర్చి, అది మా నాయన కాలంలో కట్టింది, ఆ పటంలో యాడుంటాది?"

ఇరవై ఆరేండ్లు కింద దిగిన మనిషి. తలకాయ మీద ఏ ఇల్లు ఉండాదో, ఏ చెట్టు ఉండాదో, చీకట్లో నడుస్తానే చెప్పేవాడంట. ఆయప్పకు నేను సున్నా చూపించినాను. పెద్దాయనా, ఇది కంప్యూటర్ కొలత, మీ వయసులో తావులు మరిచిపోతారు, అని చెప్పినాను. పిల్లోళ్ళు నవ్వినారు. కూర్చున్నాడు.

ఇంటికొచ్చినాక నువ్వు అడిగినావంట కదా, మన కింద షాఫ్టు ఉండాదా లేదా అని. నాకు తెలీదు అన్నాడంట. అర్పిత తన స్నేహితురాలికి ఫోన్‌లో చెప్తే ఆ పిల్ల నాకు చెప్పింది. పటం కంటే ఆ మాటే నిన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టింది, అవునా? గనిలో దిగినోడు నాకు తెలీదు అంటే ఇంగెవరికి తెల్సు.

ఆయప్ప మాత్రం ఇల్లు కదల్లేదు. పక్కింటోళ్ళు అడిగితే, నేను దిగని గుంతనా, పిలిస్తే ఇంకొక సారి దిగుతాను, అన్నాడంట. తనే వండుకుంటా ఉండాడు. బడినుంచి మీ ఇంటికి పది నిమిషాలు నడక. ఇక్కడికి ఒక బస్సు, ఒక ఆటో, ఇంత ఎండ. నాకు ఇదే సులభమనిపించింది, చూడు.

పోయిన వారం తప్పు కనిపెట్టినాను, అందుకే పరిగెత్తుకోని వచ్చినాను. బస్సులో ఇదే మాట అనుకుంటా వచ్చినాను, నీకు ఇట్లనే చెప్పల్లని. నువ్వు అట్ల చూడకుండా ఉంటే చెప్పేసి ఉందును కూడా.

పోయిన వారం కాదు. అదే పొద్దు. మీ ఆయన కూర్చున్నాక, అందరూ పోయినాక, కంప్యూటర్ ముందర కూర్చుని చర్చి గుర్తును దొరల చర్చి మీదికి జరిపినాను. నీళ్ళ ట్యాంకు దగ్గర నాలుగో గుర్తు దొరికింది. వెతికితే దొరికింది, అంతే. పటం గిర్రున తిరిగి కూర్చుంది. షాఫ్టు పోయి మైదానంలో పడింది, ఆయప్ప వేలు చూపించిన చోట.

దాన్ని సేవ్ చెయ్యలేదు. మూసేసినాను. మళ్ళా వారం కోలారులో ప్రదర్శన. తప్పు పటమే తీసుకోనిపోయినాను. దానికే మొదటి బహుమతి వచ్చింది. వచ్చే నెలలో మిగతా టీచర్లకు నేర్పించమని నన్నే పిలిచినారు. ఒప్పుకున్నాను కూడా. నువ్వు మూటా ముల్లే సర్దుకోని బస్సెక్కిన పొద్దు నేను శాలువా కప్పించుకుంటా ఉండాను.

హెడ్మాస్టర్‌కు చెప్తాను, కోలారుకు కూడా రాసి పంపిస్తాను. పిల్లోళ్ళ ముందర నాలుగు గుర్తులతో మళ్ళా చేస్తాను. అర్పిత మార్కులు పోకుండా నేను చూసుకుంటాను. ఇవన్నీ చేస్తాను. నువ్వు మాత్రం ఇంటికి పో. నీ ఇంటి కింద రాయే ఉండాది, గట్టి రాయి.

ఏంది ఇది? ఫోన్ నాకెందుకిస్తావు?

ఆయప్పకు చెప్పల్లనా. నేనా.

నువ్వే చెప్పు హనుమక్కా, నీ నోటితో చెప్తే ఇంకా బాగుంటాది. నేను తరువాత ఇంటికి పోయి నిదానంగా... సరే. సరే, పెట్టుకున్నాను చెవికి. నువ్వు గూళ్ళు ఏరుకో, నా వైపు చూడొద్దు.

రింగవుతా ఉండాది. ఎత్తడేమో. ఈ వేళకు బయట ఉంటాడేమో.

ఎల్లప్పన్నా. హనుమక్క కాదు, నేను, ఉమాదేవిని. టీచరమ్మను. హనుమక్క బాగుండాది, ఇక్కడే పక్కన ఉండాది. అర్పితా బాగుండాది. లేదు, ఎవరికీ ఏమీ కాలేదు.

షాఫ్టు మైదానం కిందనే ఉండాది. నువ్వు చెప్పిన చోటే. నాకు ఆ సాయంత్రమే తెల్సు.

ఉండన్నా, పెట్టెయ్యొద్దు, ఇంకొకటి ఉండాది. ఇది హనుమక్కకు కూడా చెప్పలేదు. ఆ పొద్దు పిల్లోళ్ళు నవ్వినారని నేనే ఊరంతా చెప్పినాను కదా. వాళ్ళు నా ముఖం చూసి నవ్వినారు. ముందు నవ్వింది నేను.