మారిన వరుసే మళ్ళీ గీయాలి

వదినా, బాబాయ్, షాపు వాళ్ళూ, బోర్డులు చేయించుకున్న అభిమానంతో పని మానుకుని వచ్చినవాళ్ళూ... అందరికీ దండం. నాకు మాట్లాడటం రాదు. ఒకచోట నిలబడటం అసలే రాదు. మైకు వైరు మెలిపెడుతున్నా, ఏమీ అనుకోకండి. అన్న పోయి వారం కాలేదు. గుండె ఆగిందట. ఆ మనిషికి అంత చిన్న మాట సరిపోతుందా?

మన షాపు కంప్యూటర్లో బోర్డులు గీసే ప్రోగ్రామ్ అన్న సొంతంగా రాసింది. మొదట్లో ఎలా ఉండేది? అక్షరం కొడితే, తెర మీదికి వచ్చేలోపు టీ తాగి రావచ్చు! ఎందుకు? ఒక్క అక్షరం మారినా బొమ్మలు, రంగులు, రాతలు... బోర్డు మొత్తం మళ్ళీ గీసేది. అన్న విసుగొచ్చి బయటికెళ్ళాడు. గోడ మీద పేరు దిద్దుతున్న పెయింటర్ మామని చూస్తూ నిలబడ్డాడు. తిరిగొచ్చి ఒకటే అన్నాడు: "ఒక్క అక్షరం తప్పితే మామ గోడంతా సున్నం వేస్తాడా? మారిన వరుసే మళ్ళీ గీయాలిరా!" ఒకసారి గీసిన అక్షరం రూపాన్ని దాచిపెట్టి, కావాల్సినప్పుడు అదే తెచ్చి అతికించేలా కూడా చేశాడు. అంతే. వేలు ఎత్తేలోపు అక్షరం!

కుట్టు షాపు అక్కా, ముందే కూర్చున్నావుగా, గుర్తుందా? నీ బోర్డుకి "ఈ అక్షరాలు కాదు, అవి" అన్నావు. అవి పెడితే "ఉహూ, మొదటివే బాగున్నాయి" అన్నావు. మేం తలలు పట్టుకున్నాం. అన్న నవ్వుతూ మారుస్తూనే ఉన్నాడు. "మనసు మార్చుకోవడం ఆవిడ ఇష్టం. ఆవిడ వెంట పరిగెత్తడం మన పని" అన్నాడు.

ప్రోగ్రామ్‌లో సరిచేయాల్సింది ఒక్కటి మిగిలిపోయింది. పెద్ద పేరా మధ్యలో మాట ఇరికిస్తే కింది వరుసలు ఆలస్యంగా జరుగుతాయి. "మాట పడిన చోటు నుంచి ఒక్కో వరుసా కొలుచుకుంటూ పో. వరుసలు కుదుటపడగానే ఆగిపో" అని నాకు చెప్పాడు. ఆ ఆగడమే నాకింకా చేతకావట్లేదు!

బాబాయ్, యజమానిగా మీరన్నారు: "రాసినోడే పోయాడు, దాన్ని ఇంక చూసేదెవడ్రా? తీసేద్దాం." తప్పనను. కానీ ఎవడ్రా అంటే... నేనున్నా. బడి మధ్యలో మానేసినవాణ్ణి. ఏ పనిలోనూ కుదురుగా ఉండనివాణ్ణి. ఇందులో ఉంటా.

వెనక తెర చూడండి. అది అన్న ప్రోగ్రామే. పొద్దున ఫోటో కింద "కీర్తిశేషులు" అని రాశాను. వదిన వచ్చి, "ఆ మాట నాకొద్దయ్యా. మా ఆయన అని పెట్టు" అంది. మార్చాను. ఆ ఒక్క వరుసే మారింది. పైన ఫోటో రెప్పపాటు కూడా అదరలేదు. పక్కనే ఉన్నారు బాబాయ్, మీరూ చూశారు.

ఆ మాట చివర సన్నటి గీత వెలిగి ఆరుతోంది, కనబడుతోందా? ఇక్కడ ఇంకా రాయొచ్చు అని చెప్పే గీత. నేనే ఆపకుండా వదిలేశాను. మీ జవాబు తర్వాత చెప్పండి బాబాయ్. ఇప్పుడు అందరం లేద్దాం. దాన్నే చూస్తూ, మాట లేకుండా, కాసేపు. నేను కూడా... కదలను.