నడుము చిక్కిన భూగోళం

లేత్ మీద కర్ర సామాను చేసే మేస్త్రీకి ఆ సాయంత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. బడిలో పాఠాలు చెప్పే మేనకోడలు అతని చేత చెక్క భూగోళం చేయించుకుంది కదా, దాన్ని పట్టుకెళ్దామని, అతను బంతి పక్కన పెట్టుకుని టీ తాగుతున్న కొట్టుకే వచ్చేసింది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గుండ్రంగా లేదేం మావయ్యా? మా మావయ్య పనికి వంక పెట్టలేరని బడంతా చెప్పుకున్నాను. రేపు ఏ మొహం పెట్టుకుని చూపించను?" అంది.

తొందరపడి ఆరని కర్రను లేత్‌కి ఎక్కించాడు, అదీ సంగతి. ఆరేకొద్దీ ఆకారం మారిపోయింది. ఆ మాట ఇంతమందిలో ఒప్పుకుంటే పరువేం కావాలి? మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు.

"పిచ్చిమొద్దూ, భూమి గుండ్రమని నీకెవరు చెప్పారే? నేను స్వయంగా కొలిచాను. కుర్రతనంలో ఓడల రిపేరు పనికి వెళ్లానా, ఊరికే కూర్చోవడమెందుకని తాడు ఒక కొస రేవులో మేకుకు కట్టి, రెండోది పళ్ల మధ్య పెట్టుకుని బయల్దేరాను."

"సముద్రం మీద కూడానా?" అన్నాడు టీకొట్టు బాబాయి.

"ఈత దేనికి నేర్చుకున్నట్టు? అలా కొలుచుకుంటూ పైకొసన మంచు దాకా పోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చలికి తట్టుకోలేక రెండు గెంతులు వేశాను, భూమి అక్కడ అణిగిపోయింది. అన్యాయం కదా అని కిందికొసకి వెళ్లి అక్కడా గెంతాను. పైనా కిందా నొక్కేసరికి నడుము దగ్గర ఉబ్బింది. సముద్రాలు పొర్లిపోతుంటే చేత్తో అడ్డం పెట్టి ఆపాను. అప్పట్నుంచీ భూమిని గోళమంటే తప్పు. ఈ చేతుల సాక్షిగా చెబుతున్నా."

బాబాయి టీ పోయడం మానేసి వింటున్నాడు. గండం గడిచిందని మేస్త్రీ మీసం దువ్వాడు.

మేనకోడలు నవ్వాపుకుంటూ బంతిని బల్ల మీద పెట్టింది. "గెంతుల సంగతేమో గానీ, ఆకారం మాట నిజమే మావయ్యా. భూమి అచ్చమైన గోళం కాదు. పైనా కిందా కంటికి ఆననంత అణిగి, నడుము దగ్గర అంతే ఉబ్బి ఉంటుంది. మరి నీ భూమేంటి, పైకీ కిందికీ సాగి, నడుము దగ్గర చిక్కిపోయింది?"

మేస్త్రీ తడబడలేదు. "నడుము చుట్టూ కొలిచిన తాడు విప్పకుండా అక్కడే వదిలేశాను. బిగుసుకుపోయి ఉంటుంది."

పిల్ల పుట్టి పెరిగింది మావయ్య లేత్ పక్కన, ఆ కర్రపొట్టులోనే. బంతి మీద వెంట్రుకంత పగులు గోటితో చూపించింది.

"భూమంతా ఈదేదాకా ఆగినవాడివి, కర్ర ఆరేదాకా ఆగలేకపోయావా మావయ్యా?"

అందరికన్నా ముందు పకపకా నవ్వింది మేస్త్రీయే. నవ్వుతూనే తువ్వాలు దులుపుకుని, ఎండిన దుంగ వెతకడానికి లేచాడు.